హిమాలయాల్లో తొలి ట్రెక్: నాలుగు దారుల్లో ఏది ఎవరికి తగినది

గైడ్ వెంట హిమాలయాల్లో నాలుగైదు రోజులు నడిచి రావాలనుకునే తెలుగువారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. సెలవులు దగ్గరపడేసరికి మా బంధువుల్లోనో, ఆఫీసు మిత్రుల్లోనో ఎవరో ఒకరు ఎక్కడికి వెళ్ళమంటారని నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగేటప్పటికే వారి ఫోనులో ఒక ఫొటో సిద్ధంగా ఉంటుంది: మంచు శిఖరం మీద తెల్లవారుజామున చేతులు చాచి నిలబడ్డ మనిషి, పక్కనే 12,500 అడుగులనో 14,000 అడుగులనో పెద్ద అక్షరాలు. ఆ అంకెను చూసి ఎంచుకుంటే చిక్కుల్లో పడే అవకాశం ఎక్కువ. నేను మొదట చూసేది రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తున ఉంది, ఆ ఎత్తు ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య ఎంత పెరుగుతోంది అన్నది. ఆ తరువాత చూసేది వెంట వచ్చే గైడ్ ఎవరన్నది. దారి అందమూ, ఖర్చూ, ఫొటోలూ ఆ రెండింటి తరువాతే.

పోలికకు నాలుగు దారులు తీసుకుంటున్నాను. ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, కేదార్‌కంఠ. హిమాచల్ ప్రదేశ్‌లో హంప్టా పాస్. మొదటిసారి వచ్చేవారికి ఈ నాలుగూ అనువైనవేనని నిర్వాహకులు చెబుతుంటారు. నా దృష్టిలో మొదటి రెండే నిస్సందేహంగా తొలి ప్రయాణానికి తగినవి. కేదార్‌కంఠ కొన్ని షరతులతో తగినది, హంప్టాను మాత్రం రెండో ఏడాదికి దాచుకోవడం మంచిది.

రాత్రి ఏ ఎత్తున పడుకుంటారు

సముద్రమట్టానికి 2,500 మీటర్లు దాటాక గాలి పలచబడిన సంగతి ఒంటికి తెలియడం మొదలవుతుంది. 3,600 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గానీ అందుకు రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటిన తరువాత పడక ఎత్తును రోజుకు సుమారు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రవాడికీ, మోకాళ్ళ నొప్పులున్న అతని తండ్రికీ ఈ నియమం ఒకటే. కండబలం ఉన్నవారికి ఎత్తు జబ్బు, అంటే పలచని గాలికి ఒళ్ళు అలవాటు పడక వచ్చే తలనొప్పి, వాంతులు వంటివి, రాదనుకోవడం పెద్ద అపోహ. నిజానికి వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వారే ముందుగా తలనొప్పితో కూలబడటం నేను చూశాను.

ఈ లెక్కను నాలుగు దారులకూ వర్తింపజేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు వెళ్ళేవారు గోవింద్‌ఘాట్ నుంచి నడిచి సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉన్న ఘాంఘరియా చేరి, రెండు మూడు రాత్రులూ అక్కడే ఉంటారు. పగలు లోయలోకో, 4,300 మీటర్ల పైన ఉన్న సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్‌కో ఎక్కినా, రాత్రికి మళ్ళీ 3,050 మీటర్లకే దిగివస్తారు. హర్ కీ దూన్‌లో నది వెంట మెల్లగా ఎక్కుతూ పోయే దారి. సుమారు 1,950 మీటర్ల దగ్గర ఉన్న సాంక్రీలో ఒక రాత్రి, 2,500 మీటర్ల ప్రాంతంలో ఓస్లా దగ్గర మరొకటి, పైన ఇంకొక మజిలీ, చివరకు దాదాపు 3,560 మీటర్ల దగ్గర లోయ. కేదార్‌కంఠలో అదే సాంక్రీ నుంచి మొదటి రాత్రికి సుమారు 2,800, రెండో రాత్రికి 3,400, మూడో రోజు తెల్లవారుజామున 3,800 మీటర్ల శిఖరం. ఎక్కుడు నిటారైనదే అయినా, శిఖరం చూసిన రోజునే బాగా కిందికి దిగిపోతారు. ఇక హంప్టాలో మనాలీ ఉన్నది సుమారు 2,050 మీటర్ల దగ్గర. జోబ్రా దాకా జీపులో వెళ్ళి నడక మొదలుపెడతారు కాబట్టి మొదటి రాత్రే 3,100 ప్రాంతంలో, రెండో రాత్రి బాలూ కా ఘేరాలో 3,600 ప్రాంతంలో పడుకోవలసి వస్తుంది. మూడో రోజు 4,270 మీటర్ల కనుమ దాటి, దాదాపు 3,900 దగ్గర ఉన్న షియాగోరులో గుడారం వేస్తారు.

హంప్టా విషయంలో మరొక సంగతి ఉంది, దీన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. హర్ కీ దూన్‌లో ఎక్కడ ఒంట్లో బాగాలేకపోయినా వెనుదిరిగితే చాలు, వేసే ప్రతి అడుగూ దాదాపు కిందికే. ఎత్తు జబ్బుకు తిరుగులేని మందు కిందికి దిగడమే కాబట్టి ఇది చిన్న సౌలభ్యం కాదు. కనుమ దాటే దారిలో అలా కుదరదు. దాటాక అవతల లాహౌల్ వైపు షియాగోరులో రాత్రి ఎవరికైనా తల పగిలిపోతుంటే, వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ 4,270 మీటర్లకు ఎక్కాలి, ముందుకు వెళ్ళాలంటే చీకట్లో వాగు దాటి ఛత్రూ దాకా దిగాలి. అందుకే తొలిసారి వెళ్ళేవారికి వెళ్ళిన దారినే తిరిగివచ్చే లోయ నడకలను సూచిస్తాను.

హర్ కీ దూన్, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్: రెండింటిలో ఏది

ఈ రెండింటి మధ్య ఎంపిక భద్రతకు సంబంధించినది కాదు, మీకు ఏమి చూడాలని ఉందో, ఎలా ఉండగలరో దాన్ని బట్టి చేసుకోవలసినది.

హర్ కీ దూన్ అంటే హరుని లోయ. ఉత్తరకాశీ జిల్లాలో, సూపిన్ నది వెంట, తాలూకా అనే ఊరి నుంచి రానూపోనూ 45 కిలోమీటర్లకు పైగా నడక. లోయ చివర నిలబడితే ఎదురుగా స్వర్గారోహిణి శిఖరాలు కనిపిస్తాయి. వాటిలో ఎత్తయినది 6,252 మీటర్లు. భారతం చివరి పర్వం పేరు తెలిసిన తెలుగువారికి ఆ పేరు వినగానే ధర్మరాజు, వెంట నడిచిన కుక్క గుర్తుకు రాక మానవు. పాండవులు ఆ దారినే వెళ్ళారని అక్కడివారి నమ్మకం. ఈ దారిని నేను ఇంతగా ఇష్టపడటానికి అసలు కారణం మాత్రం దారిలోని ఊళ్ళు. ఓస్లా, గంగాడ్ వంటి ఊళ్ళలో దేవదారు దుంగలూ రాళ్ళూ పేర్చి కట్టిన ఇళ్ళుంటాయి. ఓస్లా గుడి దుర్యోధనుడిదని బయటివారు చాలాకాలం రాస్తూ వచ్చారు గానీ, ఊరివారిని అడిగితే సోమేశ్వరుడి గుడి అని చెబుతారు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళితే ఊరి చుట్టూ మెట్లమెట్లుగా ఉన్న చేలలో చౌలాయి పంట ఎర్రగా కనిపిస్తుంది. అది మన తోటకూర జాతిదే. ఆకు కోసం కాక గింజ కోసం పండిస్తారు. మేము వెళ్ళినప్పుడు ఒక ఇంటి ముందు కోసిన కంకులు పరిచి ఉన్నాయి, వాటి మీదుగా నడవకుండా పక్కనుంచి రమ్మని ఆ ఇంటి పెద్దావిడ చేయి చూపింది. శిఖరం ఎక్కి దిగే దారుల్లో ఇలాంటి మనుషుల మధ్య నడక దొరకదు.

ఇబ్బంది కూడా చెప్పాలి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా మలుపుల దారిలో ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. బస్సులో వాంతులయ్యేవారు దీనికి సిద్ధపడి రావాలి. అలాగే రాత్రులు ఎక్కువగా గుడారాల్లోనే గడుస్తాయి. మరుగుదొడ్డి అంటే గొయ్యి తీసి చుట్టూ గుడ్డ కట్టిన చిన్న గుడారం. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబరు నుంచి నవంబరు మొదలు దాకా అనువైన కాలం.

గుడారంలో పడుకోలేనివారికి, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ మేలు. ఘాంఘరియాలో లాడ్జిలు ఉన్నాయి, గురుద్వారా ఉంది, వేడి భోజనం దొరుకుతుంది. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులు పోతాయి, అక్కడి నుంచి సుమారు పది కిలోమీటర్ల ఎక్కుడు. నడవలేనివారికి కంచరగాడిదలు ఉంటాయి, బుట్టలో మనిషిని మోసే కండీవాలాలు ఉంటారు, వాతావరణం బాగుంటే హెలికాప్టరూ తిరుగుతుంది. లోయలోకి మాత్రం కంచరగాడిదలను రానివ్వరు. అక్కడ రాత్రి బస కూడా నిషేధం, సాయంత్రానికి అందరూ బయటికి వచ్చేయాలి. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ ఈ లోయలోకి దిగాక దీని పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు లోయ తెరిచి ఉంటుంది గానీ పూల కోసం వెళ్ళేవారు జూలై రెండో వారం నుంచి ఆగస్టు చివరిలోపు వెళ్ళాలి. జూన్‌లో వెళ్ళి పూలు లేవని నిరాశపడి వచ్చినవారిని చూశాను; అప్పటికి అక్కడ ఇంకా మంచే ఉంటుంది. బ్రహ్మకమలం కోసం వెళ్ళేవారు లోయలో వెతికే బదులు ఆగస్టులో హేమకుండ్ దారిలో పై వాలుల్లో చూడాలి. ఆ ఎక్కుడు ఆరు కిలోమీటర్లే అయినా చాలా నిటారుగా ఉంటుంది. పైన గురుద్వారాలో ఇచ్చే వేడి కిచిడీ, టీ రుచి మరచిపోలేనివి.

పూలు పూసేది వానాకాలంలోనే కాబట్టి, ఈ దారిలో అసలు ప్రమాదం లోయలో కన్నా రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా ఉన్న రహదారి మీద ఎక్కువ. కొండచరియలు విరిగిపడి దారి ఒక పూటో, రెండు రోజులో మూసుకుపోవడం ప్రతి ఏటా జరిగేదే. 2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా దారి చాలా చోట్ల కొట్టుకుపోయింది. తిరుగు టికెట్‌కు ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోలేనివారు ఆ నెలల్లో దీన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

కేదార్‌కంఠ, హంప్టా ఎవరికి

మంచులో నడవడమే మీ కోరిక అయితే కేదార్‌కంఠకు సాటి లేదు. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా పైన్ అడవిలో, మోకాలి లోతు మంచులో నడిపిస్తుంది. శిఖరం నుంచి చుట్టూ హిమశిఖరాలు కనిపిస్తాయి. షరతులు రెండు. సున్నాకు పది డిగ్రీలు కిందికి పోయే రాత్రులను తట్టుకునే దుస్తులు, బూట్లకు తగిలించుకునే ఇనుప పళ్ళు, మంచు బూట్లలోకి దూరకుండా కాలికి కట్టే గెయిటర్లు తప్పనిసరిగా ఉండాలి. రెండవది, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారం రోజులు వెళ్ళకండి. వందల మంది ఒకే దారిలో వరుస కట్టడం వల్ల చీకట్లో శిఖరం కింద నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది, నిలబడ్డ మనిషికి చలి ఎముకల్లోకి దిగుతుంది. ఫిబ్రవరి చివరి వారం అయితే మంచూ ఉంటుంది, జనమూ తగ్గుతారు.

హంప్టా అందం వేరు. కుల్లూ వైపు పచ్చని లోయలో పూల మధ్య ఎక్కి, కనుమ దాటగానే లాహౌల్ వైపు ఒక్క చెట్టు లేని గోధుమరంగు కొండల్లోకి దిగుతారు. ఒకే రోజులో రెండు లోకాలు చూసినట్టుంటుంది. చివర చంద్రతాల్ సరస్సు కూడా చూపిస్తారు. ఇంతకుముందు ఒకసారైనా 3,500 మీటర్ల పైన రాత్రి గడిపి, మీ ఒళ్ళు ఎలా స్పందిస్తుందో తెలిసినవారు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. మొదటిసారే వెళ్ళక తప్పదనుకుంటే మనాలీలో రెండు రాత్రులు ఆగి, రెండో క్యాంప్‌లో ఒక రోజు అదనంగా ఉండే ఏర్పాటు చేసే గైడ్‌తోనే వెళ్ళండి.

గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి

మార్గం ఎంచుకోవడం కన్నా ఇది కష్టమైన పని. మూడు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని, నిర్ణీత తేదీల్లో పదిహేను ఇరవై మందిని ఒక జట్టుగా తీసుకువెళ్ళే సంస్థలు మొదటివి. వాటిలో మంచివాటికి రాతపూర్వక నియమాలు, ఆక్సిజన్ సిలిండర్లు, శిక్షణ పొందిన లీడర్లు ఉంటారు. ఒంటరిగా వచ్చేవారికి, ముఖ్యంగా స్త్రీలకు, తోడు దొరుకుతుంది. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి లాభాపేక్షలేని సంఘాలు రెండవ రకం. ఖర్చు తక్కువ, జట్టు పెద్దది, సౌకర్యాలు సాదావి. మూడవది సాంక్రీ, ఓస్లా వంటి ఊళ్ళ గైడ్‌లను నేరుగా మాట్లాడుకోవడం. నలుగురైదుగురు స్నేహితులు కలిసి వెళితే నేను ఈ మూడవదాన్నే ఎంచుకుంటాను. జట్టు చిన్నది కాబట్టి మనలో నెమ్మదిగా నడిచే మనిషి వేగంతో అందరూ నడుస్తారు, ఒక రోజు ఆగాలంటే ఆగవచ్చు, డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది. అయితే అత్యవసర సామగ్రి ఏమేమి ఉందో మీరే అడిగి, చూసి తెలుసుకోవాలి.

ఈ విషయంలో నా రెండు అనుభవాలు చెబుతాను. హర్ కీ దూన్‌కు మమ్మల్ని తీసుకువెళ్ళిన గైడ్ రాత్రి భోజనాల దగ్గర తాను తినకుండా మా పళ్ళాలు చూస్తూ కూర్చునేవాడు. మూడో రాత్రి మాలో ఒకరు సగం రొట్టె వదిలేసి ఆకలిగా లేదని లేచారు. గైడ్ ఆయన వెంట వెళ్ళి పక్కన కూర్చుని, తలనొప్పి ఉందా, నిద్ర పట్టిందా అని చాలాసేపు మాట్లాడి, మరునాడు పైకి కదలకుండా జట్టునంతా అక్కడే ఆపాడు. అన్నం సయించకపోవడం ఎత్తు జబ్బుకు తొలి గుర్తుల్లో ఒకటని నాకు తెలిసింది అప్పుడే. మరో ఏడాది ఒక పెద్ద జట్టుతో హంప్టాకు వెళ్ళాను. రోజూ సాయంత్రం రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే పల్స్ ఆక్సీమీటర్‌ను వేలికి పెట్టి అంకె రాసుకునేవారు. నా తోటి నడిచే ఆమె తల పోటుగా ఉందని చెబితే, అంకె బాగానే ఉంది కదా, నడవండి అన్నారు. లీడర్లిద్దరూ ముందే నడిచేవారు. కనుమ చేరేలోపు ఆమెకు రెండుసార్లు వాంతులైనప్పుడు వెనక ఉన్నది నేనూ, మరో ఇద్దరు ప్రయాణికులూ మాత్రమే. ఆమె క్షేమంగా దిగింది, అది మా అదృష్టం.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఫోనులో ఈ సంగతులు అడగండి. ప్రతి రాత్రి బస ఎన్ని మీటర్ల ఎత్తున? వరుసలో చివర నడిచేది ఎవరు? నాతో వచ్చే గైడ్, అంటే సంస్థ యజమాని కాదు, ఆ మనిషి, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, మనాలీలోని సంస్థలోనో బేసిక్ కోర్సు చేశాడా, ప్రథమ చికిత్స నేర్చుకున్నాడా? ఒకరు నడవలేకపోతే వారితో కిందికి ఎవరు వస్తారు, మిగిలినవారి దగ్గర ఎవరుంటారు? వాతావరణం చెడితే ఎన్ని గంటలకు వెనుదిరుగుతారు? చివరి ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెప్పేవారికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన ఒక జట్టు మంచు తుపానులో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు. మంచు కాలం కాదు కదా అని జూన్ నెలలో ధీమాగా ఉండటానికి వీల్లేదు.

భాష విషయం ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాదువారికి ఇబ్బంది ఉండదు గానీ, కోస్తా నుంచి, రాయలసీమ నుంచి వచ్చే చాలామందికి హిందీ అంతంతమాత్రం. తల తిరుగుతోంది, ఊపిరి అందడం లేదు, రాత్రి నిద్ర పట్టలేదు అన్న మూడు మాటలైనా హిందీలో నేర్చుకుని వెళ్ళాలి. చెప్పడం రాక, నవ్వి ఊరుకునేవారే ఎక్కువగా ప్రమాదంలో పడతారు.

వెళ్ళే ముందు

మన దగ్గర కాళ్ళను పరీక్షించుకోవడానికి అలిపిరి కన్నా మంచి చోటు లేదు. 3,550 మెట్లూ ఆయాసపడకుండా, మాట్లాడుతూ ఎక్కగలిగితే సగం సిద్ధమైనట్టే. రెండో సగం చాలామంది వదిలేస్తారు: పైకి నడిచి, కిందికి బస్సులో వస్తారు. ట్రెక్‌లో మోకాళ్ళు దెబ్బతినేది దిగేటప్పుడు కాబట్టి, మెట్ల మీదుగానే దిగి, మరునాడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు గంటసేపు చురుగ్గా నడవడం, ఇంట్లోనో అపార్టుమెంట్‌లోనో మెట్లు ఎక్కి దిగడం చాలు. బూట్లు చీలమండ దాకా ఉండేవి కొని, కనీసం నెల రోజులు వాటితోనే నడవండి. బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును కలవాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రల గురించి కూడా ఆయన్నే అడగాలి తప్ప, స్నేహితుడు ఇచ్చాడని వేసుకోకూడదు, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. బీమా పాలసీలో ఏ ఎత్తు దాకా నడకకు వర్తిస్తుందో చదివి చూడండి. పైన అన్నం సయించనప్పుడు నాలుగు ముద్దలు లోపలికి పోవడానికి ఒక చిన్న డబ్బా ఊరగాయ సంచిలో వేసుకోవడం మరవకండి.

ఇవన్నీ విన్నాక కూడా ఒక్కటే పేరు చెప్పమని అడిగితే, అరవై దాటినవారు వెంట ఉంటే ఆగస్టులో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అంటాను. మిగిలిన అందరికీ, అక్టోబరు మొదటి వారంలో, ఊరి గైడ్‌తో, ఒక రోజు అదనంగా పెట్టుకుని హర్ కీ దూన్. దసరా సెలవులు చాలాసార్లు ఆ వారానికే వస్తాయి కాబట్టి ఢిల్లీకి రైలు టికెట్లు బుకింగ్ తెరిచిన రోజునే తీసుకోండి.